ఒక ఊదుబత్తి ఆట

ఇరవై ఏళ్లు ఒక మాట కడుపులో దాచుకున్నాను. నన్నెరిగినవాళ్లు ఈ ఒక్క వాక్యానికే నవ్వి పేజీ తిప్పేస్తారు. తిప్పనివ్వండి. జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పే మనిషిని. చాయ్ చల్లారిందా లేదా అన్న సంగతి మీద కూడా స్టాఫ్ రూమును అధికార పక్షం, ప్రతిపక్షం కింద చీల్చినదాన్ని. అటువంటి నోటికి తాళం వేయించగలిగిన ఘనుడు జహీరాబాద్ మొత్తం మీద ఒక్కడే. ఆయన ఈ ఎండాకాలం పోయాడు. నిద్రలోనే పోయాడట. అంత నిశ్శబ్దంగా ఆయన చేసిన పని ఇంకొకటి లేదు.

పేరు రాయను. మా ఊళ్లో ముప్పై దాటినవాణ్ణి ఎవణ్ణయినా ఆపి "వీడియో గేమ్ దుకాణం" అనండి, "ఊదుబత్తి సేటుదా?" అంటాడు.

అసలు అది టీవీలు బాగుచేసే దుకాణం. మార్కెట్ రోడ్డులో, అల్లం మూటల లారీలు ఆగేచోటికి ఎదురుగా ఉండేది. ముందు గదిలో కడుపులు విప్పుకున్న టీవీలు, వెనక గదిలో రెండు ఆట డబ్బాలు. అక్కడ వంతులు గడియారం మీద నడిచేవి కావు. ఒక ఊదుబత్తి వెలిగించి గోడకు గుచ్చేవాడు. అది కాలేదాకా ఒకరి ఆట. గడియారం పెడితే పిల్లలు ముల్లునే చూస్తారు, ఆట చూడరు అని ఆయన సిద్ధాంతం. ఎవడైనా బూతు మాట్లాడితే లేచి వచ్చి మండే కొసను గోరంత తుంచి, మిగిలిన ముక్క వెలిగించేవాడు. వాదనలో ఓడిపోయి కూడా ఒప్పుకోనివాళ్లకు రెండు గోళ్లంత తుంచేవాడు. నేను అక్కడ పూర్తి ఊదుబత్తి ఏనాడూ ఆడలేదు.

మొదటిసారి వెళ్లింది తొమ్మిదో తరగతిలో, అన్నానికి రాని మా తమ్ముణ్ణి వెతుక్కుంటూ. వాణ్ణి చెవి పట్టి లేపి, వాడి వంతులో నేను కూర్చున్నాను. పిల్లలు గోల చేశారు. ఎవడో "ఆడపిల్లలకు గూడనా సేటూ?" అన్నాడు. అప్పటికే ఆ "ఎవడో"కు నేను నాలుగు అంటించాను. ఆయన సోల్డరింగు కడ్డీ పక్కన పెట్టి నన్ను పైకీ కిందికీ చూశాడు.

"ఆడపిల్లవని ఇస్తలేను పిల్లా, గట్టిగ కొట్లాడతవని ఇస్తున్న. వాదన లేని దుకాణం దవాఖాన లెక్క ఉంటది."

అట్లా మొదలైంది. ఆయన నాకు అన్న, నేను ఆయనకు పిల్ల. ఉద్యోగం వచ్చాక పంతులమ్మ.

వెనక గదిలో ఒకటి రంగుల టీవీ, ఒకటి నలుపు తెలుపుది. నలుపు తెలుపు దాని కింద ఉండేది ఆయన ప్రాణం. క్యాసెట్ పెట్టి ఆడే పాత డబ్బా. దాని పేరు ముసలమ్మ. ముసలమ్మ మీద ట్యాంకుల ఆట ఆడితే ఆయన్ను కొట్టినవాడు లేడు. కోహీర్ నుంచి, మొగుడంపల్లి నుంచి పందెం కట్టి వచ్చిన పిల్లలంతా తోక ముడిచి పోయినవాళ్లే. కానీ రంగుల టీవీ ముందు ఒక్కనాడు కూర్చోలేదు. "రా అన్నా, ఇక్కడ గెలువు చూద్దాం" అంటే ముక్కు ఎగరేసేవాడు.

"రంగులు పసిపిల్లల మురిపెం. నలుపు తెలుపుల ఆడినోడే ఆటగాడు."

"అన్నీ బూడిద రంగులో ఉంటే ఏది మన ట్యాంకో, ఏది పగోడిదో ఎట్ల తెలుస్తది?"

"రంగు జూడకు పిల్లా, నడక జూడు. నడక అబద్ధమాడదు."

పిసినారితనానికి ఇంత గొప్ప తత్వం తొడిగినవాణ్ణి చూడలేదని మేమంతా వెనకాల నవ్వుకునేవాళ్లం.

నేను డిగ్రీలో ఉండగా సీడీలతో ఆడే డబ్బా వచ్చింది. నేను వెంటనే ఆ పార్టీలో చేరాను. కొత్తదాని మీద ప్రేమకన్నా, ఆయన దానికి వ్యతిరేకి కావడమే ఎక్కువ కారణం. ఆ రోజుల్లో మా వాదనలు వినడానికి లారీ డ్రైవర్లు కూడా గుమ్మం దగ్గర ఆగేవారు.

"సీడీ పెట్టి, ఇంటికి పోయి, తిని వస్తే అప్పుడు మొదలైతది నీ ఆట" అనేవాడు.

"నీ క్యాసెట్ పదిసార్లు ఊదితే గాని మొదలు కాదు. ఆడేటోడికి ఊపిరితిత్తులు ఉండాలె ముందు."

"ఊదితే లేస్తది గద? నీ సీడీకి గీత వడితే ఏం జేస్తవ్, ఏడుస్తవ్."

"దాంట్ల మెమరీ కార్డు ఉన్నదన్నా. ఆపిన కాడి నుంచి మళ్ల ఆడొచ్చు. నీ ముసలమ్మ కరెంటు పోతే అన్నీ మర్చిపోతది."

"మర్చిపోవాలె! పొద్దున లేస్తే మళ్ల మొదటి నుంచే గద మనం గూడ? గది నేర్పుతది."

చెప్పేది తప్పని తెలుసు, చెప్పే తీరు బాగుంటుంది. ఇటువంటి నాయకుల గురించి మా పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం ఉండాలి, లేదు.

తర్వాత తరం పిల్లలు వచ్చారు. వాళ్లు నీలం పార్టీ, పచ్చ పార్టీ. డబ్బాల మీద వెలిగే గుర్తులను బట్టి ఆ పేర్లు. తాతలనాటి భూతగాదా ఉన్నట్టు కొట్లాడుకునేవారు. నీలం పార్టీవాడు పచ్చ డబ్బా మీద చెయ్యి వేయడు. పచ్చ పార్టీవాడు నీలం కంట్రోలర్‌ను చెప్పుతో పోల్చేవాడు. ఇద్దరి ఇళ్లల్లోనూ ఏ డబ్బా లేదు, ఇద్దరూ ఆడేది సేటు దుకాణంలోనే. జెండా కొనలేనివాడికే జెండా మీద అభిమానం ఎక్కువని క్లాసులో చెప్పడానికి నాకు మంచి ఉదాహరణ దొరికింది.

ఆయన మాత్రం నీలం, పచ్చ అనేవాడు కాదు. "నిలువు డబ్బోళ్లు", "అడ్డ డబ్బోళ్లు" అనేవాడు. రెండు పక్షాలనూ సమానంగా తిట్టేవాడు. కొత్త ఫుట్‌బాల్ ఆట చూసి, "గ్రాఫిక్స్ మస్తు ఎక్కువైనయ్. మనుషులు గడ్డిల మునిగిపోతున్నరు" అన్నాడొకసారి. పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. నేనూ నవ్వాను. ఎర్ర బనియన్లు, పచ్చ గడ్డి. దాంట్లో మునగడానికి ఏముంది?

ఏముందో ఇరవై ఏళ్ల కింద తెలిసింది.

మా ఇంట్లో టీవీ చెడింది. ఆయనే వచ్చాడు. వెనక డొక్క విప్పాడు. లోపలి వైర్లకు దారపు ముడులు కట్టి ఉన్నాయి, పోయినసారి బాగుచేసినప్పుడు ఆయన కట్టినవే. ఒకదానికి ఒక ముడి, ఒకదానికి రెండు. ఏందన్నా ఇవి అంటే, "నా లెక్క నాకుంటది" అన్నాడు. బొమ్మ వచ్చింది. రంగులు సరిచేస్తూ, ఎప్పుడూ అడిగినట్టే నన్ను అడిగాడు.

"చూసి చెప్పు పంతులమ్మా, మంచిగున్నయా రంగులు?"

ఊరందరినీ ఇట్లాగే అడిగేవాడు. గిరాకీ కంటికి నచ్చాలి గదా అనేవాడు. మర్యాదస్తుడని పేరు. తెర మీద వార్తలు చదివే ఆమె ముఖం కాకరకాయ రంగులో ఉంది. నాకు చిలిపి బుద్ధి పుట్టింది. ఎట్లా తిడతాడో చూద్దామని, మహా గంభీరంగా, "ఫస్టుగున్నది అన్నా, ఇగ ముట్టకు" అన్నాను.

"అట్లనా!" అని స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. చేతులు తుడుచుకుని, కాకరకాయ ముఖాన్ని ఒక్క నిమిషం తృప్తిగా చూసి, "చూసినవా, ఎట్ల నిగనిగ మెరుస్తున్నదో" అన్నాడు.

వేళాకోళం చేస్తున్నాడేమో అని ముఖం చూశాను. లేదు. పాఠం అప్పజెప్పిన పిల్లవాడి ముఖం అది.

"అన్నా," అన్నాను, "ఆమె ముఖం పచ్చగున్నది. కాకరకాయ లెక్క."

ఆయన డొక్క బిగించబోయి ఆగాడు.

"నువ్వే గద మంచిగున్నదన్నవ్."

"పరాచికమాడిన."

మెల్లగా చెప్పాడు. న్యాల్‌కల్ దగ్గర వాళ్ల ఊరు. చిన్నప్పుడు వాళ్ల నాయన మిరప చేనులోకి పంపి పండినవి తెంపుకురమ్మంటే, పచ్చివి తెంపుకొచ్చి తన్నులు తిన్నాడు. ఒకసారి కాదు, ప్రతి పంటకూ. ఎరుపు, పచ్చ రెండూ ఆయన కంటికి ఒకటే. సేద్యానికి పనికిరావని ఇంట్లో అన్నారు.

"రేడియోకు బొమ్మ లేదు, రంగు లేదు గద అని రేడియో పని నేర్చుకున్న. తర్వాత టీవీ వచ్చింది. పోనీ నలుపు తెలుపే గద అనుకున్న. దానికి రంగొచ్చింది. ఆటలొచ్చినయ్, ఆటలకు గూడ రంగొచ్చింది. ఏడికి బోయినా నా ఎంటవడే వచ్చింది పంతులమ్మా."

ఇంతకాలం పిసినారితనమనీ, మొండితనమనీ మేం నవ్విందంతా నాకు ఒక్కొక్కటిగా గుర్తొచ్చింది. ఆయన మాత్రం నావైపు కాదు, నా నోటివైపు చూస్తున్నాడు.

"రంగులు కానరానోడు రంగుల టీవీ బాగుచేస్తడని తెలిస్తే ఊర్ల ఎవడన్న వస్తడా? దుకాణం బందు. నేను బతికున్నన్ని దినాలు అనకు. తర్వాత నీ ఇష్టం. నీ నోరు నా పాడె మీద గూడ ఊకోదని ఎర్క."

"చాయ్ తాగుతవా అన్నా?" అన్నాను.

తాగాడు. చక్కెర తక్కువైందని ఒక వాదన పెట్టుకుని వెళ్లాడు.

ఆ తర్వాత ఆయన నన్ను వాడుకున్నంతగా మా ప్రిన్సిపాల్ కూడా వాడుకోలేదు. నేను ఆ దారిన పోతుంటే చాలు, గుమ్మంలోంచి కేక వేసేవాడు. "ఓ పంతులమ్మా! చదువుకున్నదానివి గద, గీ డబ్బా మీది లైటు ఏం రంగో చెప్పు చూద్దాం. తప్పు చెప్తే నీ పార్టీ ఓడినట్టే!" డబ్బా బాగుంటే పచ్చ లైటు, చెడితే ఎర్రది. ఆయనకు అది తెలియాలి. చూసేవాళ్లకేమో నాకు పరీక్ష పెడుతున్నట్టు. నేను అక్కడే నిలబడి, "ఎర్రది. కండ్లు లేవా నీకు?" అని కసురుకునేదాన్ని. పిల్లలు పకపకా నవ్వేవారు. "సరే, ఇయ్యాల గెలిచినవ్ పో" అని లోపలికి వెళ్లి డబ్బా విప్పేవాడు. మా తగవు ఊరికి వినోదం, ఆయనకు కన్ను. "పాపం సేటు, ఆమె నోట్ల నోరు ఎందుకు వెడతడో" అని ఊరు జాలిపడేది. ఎవరి మీద జాలిపడాలో ఊళ్లకు ఎప్పుడూ తెలియదు.

రెండేళ్ల కింద మా అమ్మాయి కొత్త డబ్బా కొనుక్కుంది. తను పచ్చ పార్టీ, ఘోరమైన పచ్చ పార్టీ. సెట్టింగులు పెడుతుంటే పక్కన కూర్చుని, అలవాటు ప్రకారం ప్రతిదానికీ వంక పెడుతున్నాను. వరుసగా వస్తున్న వాటిలో ఒక చోట నా కన్ను ఆగింది.

"ఇదేందే?"

"అదా? రంగుల తేడా తెలియనివాళ్ల కోసం అమ్మా. ఎరుపు, పచ్చ ఒక్కలాగే కనిపిస్తే ఇది పెట్టుకుంటే రంగులు మారుస్తుంది."

"ఎవరడిగారట?"

"ఎవరూ అడగనక్కర్లేదు. అన్నిట్లో ఉంటుంది."

ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివాను. మా అమ్మాయి కాలేజీకి పోయాక, పొద్దుటంతా కూర్చుని, ఆ కంట్రోలర్‌తో కుస్తీ పట్టి, నా చేత్తో నేనే మార్చి పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం డబ్బా ఎత్తుకుని అమ్మాయిని వెంటబెట్టుకుని దుకాణానికి పోయాను. అప్పటికి అది రిమోట్ కవర్ల దుకాణం అయిపోయింది. వెనక గదిలో బాగుకొచ్చిన పెద్ద టీవీ ఒకటి ఉంది. రెండు పార్టీల పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు. "అన్నా, ఇయ్యాల ఫైసలా. రంగుల టీవీ మీద ఫుట్‌బాల్. మా అమ్మాయితో ఆడు. ఆడకుంటే ముప్పై ఏండ్ల సంది ఓడిపోయినట్టే" అన్నాను.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "వద్దు పంతులమ్మా" అన్నాడు.

ఆ చూపు నాకు తెలుసు. ఇన్నేళ్లు దాచి, చివరికి పిల్లల ముందు అమ్మేశావా అన్న చూపు.

"ఒక్కసారి తెర దిక్కు చూడు అన్నా" అన్నాను.

చూశాడు. గడ్డి మీద ఒక జట్టు నీలం, ఒక జట్టు తెలుపు. ఎవరూ ఎక్కడా మునిగిపోలేదు. ఇరవై రెండు మందీ విడివిడిగా, స్పష్టంగా పరిగెడుతున్నారు. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు.

"గిది ఎవరు వెట్టిన్రు?"

"డబ్బాల్నే వస్తది. తయారు చేసెటోళ్లే పెట్టి పంపుతున్నరు. అందరికి."

"అందరికా? అంటే... గసొంటి గిరాకీ మస్తు ఉన్నదన్నట్టు."

"మస్తున్నదట."

పిల్లలకు మా మాటలు అర్థం కాలేదు. ఊదుబత్తి వెలిగించారు. ఆయన ఆడాడు. కొత్త కంట్రోలర్ మీద వేళ్లు ఎటు పోతున్నాయో ఆయనకే తెలియదు. మా అమ్మాయి ఏడు గోల్సు వేసింది, ఆయన ఒక్కటీ వేయలేదు. తన గోల్లోకి తనే ఒకటి వేసుకుని, స్టూలు మీంచి లేచి గెంతాడు. అంత ఆనందంగా ఓడినవాణ్ణి నేను ఎన్నికల్లో కూడా చూడలేదు.

ఊదుబత్తి అయిపోయాక, అందరూ వినేట్టు అన్నాడు. "ఒప్పుకుంటున్న. పంతులమ్మ పార్టీ డబ్బానే మంచిది."

ముప్పై ఏళ్లుగా నేను ఎదురుచూసిన మాట. తీరా వచ్చాక చూస్తే, ఇక రేపటి నుంచి ఈ మనిషితో ఏం మాట్లాడాలి? నా నోరు నాకంటే ముందే మేల్కొంది. "ఏం మంచిది? తెచ్చినంక సగం దినం డౌన్‌లోడే అయింది. నీ ముసలమ్మనే నయం, ఊదితే లేస్తది."

ఆయన నా ముఖం చూసి, మీసాల కింద నవ్వు నొక్కుకుని, "ముసలమ్మకు మెమరీ ఉన్నదా? కరెంటు పోతే అన్నీ మర్చిపోతది!" అని అందుకున్నాడు. ఇట్లా ఇద్దరం ఒకే రోజు ఫిరాయించాం. ఏ చట్టమూ మమ్మల్ని ఆపలేదు. ఆ తర్వాత రెండేళ్లు ఆయన కొత్తదాని పక్షం, నేను పాతదాని పక్షం. వాదనలు అవే, నోళ్లే మారాయి.

దినాలు అయ్యాక ఆయన బిడ్డ ఫోన్ చేసింది. "అత్తా, దుకాణం ఖాళీ చేస్తున్న. జర రా." సంగారెడ్డిలో ఉద్యోగం ఆమెది. వెళ్లేసరికి చేతిలో వైర్ల కట్ట పట్టుకుని నిలబడి ఉంది.

"ఈ ముడులేంది అత్తా? ప్రతి వైరుకు ఉన్నయ్."

"ఒక ముడి ఎరుపు, రెండు ముడులు పచ్చ" అని మొదలుపెట్టి, ఇచ్చిన అనుమతి ప్రకారం అంతా చెప్పాను. ఆమె స్టూలు మీద కూలబడింది.

"చిన్నప్పుడు బొమ్మలకు రంగులెయ్య నేర్పమంటే, పెన్సిల్‌తోనే మంచిగున్నది బిడ్డా, అనేటోడు." కళ్లు తుడుచుకుని, వెంటనే కోపం తెచ్చుకుంది. "నాకు చెప్పకపాయె. నీకు చెప్పిండు!"

"నాకూ చెప్పలేదు. దొరికిపోయిండు."

నవ్వేసింది. ముసలమ్మ మీది దుమ్ము కొంగుతో తుడిచి, "ఇది నువ్వే తీస్కపో అత్తా. నువ్వు ఈ పార్టీనే గద" అంది. ఫిరాయించింది ఎందుకో చెప్పబోయి ఊరుకున్నాను.

నడుస్తుందో లేదో చూడమని నలుపు తెలుపు టీవీకి కలిపింది. క్యాసెట్ తీసి, ఊది, పెట్టింది. లేచింది ముసలమ్మ. గోడ మీద ఆయన ఫొటో, కింద ఇప్పుడే వెలిగించిన ఊదుబత్తి. ఆమె దానికేసి చూపించింది.

"అది అయ్యేదాకా నీ వంతు."

తెరంతా బూడిద. ట్యాంకులన్నీ బూడిదే. ఏది నాదో చూసుకునేలోపు చచ్చాను. మళ్లీ చచ్చాను. "ఇదొక ఆటనా? ఏది ఎవరిదో తెల్వకుండ ఎట్ల ఆడతరే ఎవరన్న? ఈ మనిషికి..." అంటూనే మూడోసారి చచ్చాను. అప్పుడు నోరు మూసుకుని, ఊరికే చూశాను. ఒక ట్యాంకు గోడ దగ్గరికొచ్చి, తిరిగే ముందు ఒక్క క్షణం ఆగుతోంది. ఇంకొకటి ఎప్పుడూ ఎడమకే మళ్లుతోంది. మూడోది తొందరలో ఉంది, దాని దారిలో ఏదున్నా ఆగదు. నాది నా వేలు కదిలినప్పుడే కదులుతోంది. ఒక్కొక్కటీ మనిషి నడిచినట్టే నడుస్తోంది.

ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడలేదు. ఎంతసేపు ఆడానో తెలియదు. తల ఎత్తి చూసేసరికి ఊదుబత్తి చివరిదాకా కాలి, బూడిద వంగి ఫొటో కింద రాలింది.

ఆ దుకాణంలో నేను పూర్తిగా ఆడిన ఊదుబత్తి అదొక్కటే. తుంచడానికి ఎవరూ లేచి రాలేదు.